రంగు పోయేదాకా కాల్చమ్మా

పొయ్యి మీద చారు పొంగిపోయింది. ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయానేమో, చూసుకోలేదు. ఉప్పుచారు బర్నరు మీద పడగానే, అప్పటిదాకా నీలంగా ఉన్న మంట భగ్గున పసుపుపచ్చగా లేచింది. వంటిల్లంతా ఒక్క క్షణం ఆ రంగే.

ఫోను బందరు నుంచి. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు అటెండరు, మేమందరం బాబాయి గారు అని పిలిచే ఆయన, పోయారట. తొంభైకి దగ్గర పడిన మనిషి. చివరిదాకా లేచి తిరుగుతూనే ఉన్నారని వాళ్ళబ్బాయి చెప్పాడు. పొయ్యి ఆపి కూర్చున్నాను. ఆ పసుపు మంట కళ్ళ ముందు నుంచి పోలేదు. దాని పేరేమిటో, అది ఎందుకు వస్తుందో, అది ఎన్నిటిని కప్పేస్తుందో నాకు నేర్పింది ఆయనే.

పెద్దకర్మకి వెళ్ళాలనుకున్నాను. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. దారి పొడుగునా మంటలే గుర్తొచ్చాయి.

*

మా ఇంట్లో మొదటి రంగు మంట దిష్టి మంట. సాయంత్రం ఆడుకుని రాగానే నాయనమ్మ గుప్పెట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి కట్టెల పొయ్యిలో వేసేది. ఉప్పు చిటపటలాడేది. మంట పసుపుగా ఎగిసేది. "చూశావా, ఎంత దిష్టి తగిలిందో" అనేది. ఎంత గట్టిగా చిటపటలాడితే అంత దిష్టి అన్నమాట. ఉప్పుకల్లులో చిక్కుకున్న నీటిచుక్క వేడికి ఆవిరై గడ్డని పగలగొడుతుందని, ఆ పసుపు సోడియందని తరవాత ఎన్నో ఏళ్ళకి చదువుకున్నాను. చదువుకున్నాక కూడా నా పిల్లలకి దిష్టి తీశాను. ఆ చప్పుడు వింటే మనసుకి ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

రెండోది కళాయి మంట. ఏడాదికి రెండు మూడుసార్లు "పాత్రలకి కళాయి వేస్తామమ్మా" అని కేక వినపడేది. వీధి మలుపులో వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి మూతి అందులోకి పెట్టి, బొగ్గులు పోసి నిప్పు రాజేసేవాడు. తిత్తి కొట్టేది అతని కొడుకు, నా ఈడువాడే. ఇళ్ళల్లోంచి ఇత్తడి గుండిగలు, రాగి గంగాళాలు వచ్చి వరస కట్టేవి. పాత్ర బాగా కాలాక చిటికెడు నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, చల్లేవాడు. తెల్లటి పొగ లేచేది, ముక్కుపుటాలు మండేవి, కళ్ళల్లో నీళ్ళు. ఆ పొగలోనే తగరం ముక్క రుద్ది దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. అందరూ ఆ మెరుపుని చూసేవాళ్ళు. నేను మాత్రం కింద నిప్పుల కేసి చూసేదాన్ని. రాగి గంగాళానికి అంటిన నవాసారం నిప్పుల్లో పడ్డప్పుడు మంట అంచున ఒక రంగు కనిపించేది. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. నెమలికంఠం. అమ్మ పట్టుచీరల్లో ఒకటి అచ్చంగా ఆ రంగే. రెండు క్షణాలు ఉండి పోయేది. మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎండలో అక్కడే కూర్చునేదాన్ని.

మా మేనత్త వాళ్ళది చిలకలపూడి. అక్కడ ఇంటింటా రోల్డ్‌గోల్డ్ పని. రాగి తీగలు, ఇత్తడి రేకులు, వాటి మీద పల్చటి బంగారు పూత. సెలవులకి వెళితే అరుగు మీద కూర్చుని పనివాళ్ళని చూడటమే పని. ఊదుగొట్టం బుగ్గల నిండా గాలితో ఊదుతూ, దీపం మంటని సూదిమొనలా వంచి గొలుసు అతుకు మీదికి తోసేవాళ్ళు. అతుకు దగ్గర వెలిగారం పొడి అద్దేవాళ్ళు. వెలిగారం ఉబ్బి, కరిగి, గాజుబొట్టులా నిలిచేది. అప్పుడు మంట కొసన సన్నటి ఆకుపచ్చ గీత. "అత్తయ్యా, మంట పచ్చగా ఉందేం?" అని అడిగితే, "వెలిగారం అంతేనే, రాగి కూడా అంతే" అంది. ఆ జవాబుకి అంతకంటే కలిపేది పెద్దగా లేదని డిగ్రీ చదివాక తెలిసింది. వెలిగారంలో ఉండేది బోరాన్. రాగిలాగే అదీ ఆకుపచ్చ ఇస్తుంది.

*

దీపావళికి పెదనాన్న ఇంట్లోనే మతాబులు కట్టేవారు. నెల ముందు నుంచే హడావిడి. ఆడవాళ్ళు పాత పేపర్లు కత్తిరించి మైదాపిండి జిగురుతో గొట్టాలు చుట్టేవాళ్ళు. డాబా మీద చాపలు పరిచి ఆరబెట్టేవాళ్ళు. సురేకారం, గంధకం, బొగ్గు, బీడు రజను, అన్నీ వేరువేరు పళ్ళేల్లో. మందు కలిపేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మెట్ల మీద వరసగా కూర్చుని చూడాల్సిందే.

బజారు నుంచి తెచ్చిన పొట్లాలు రెండు విడిగా ఉండేవి. ఒకటి ఎర్ర మందు, ఒకటి పచ్చ మందు. విప్పి చూస్తే రెండూ తెల్లటి పొడులే. ఇది నాకు పెద్ద వింత. తెల్లగా ఉన్నదాంట్లో ఎరుపు ఎక్కడ దాక్కుంది? "నిప్పు తగిలితే చెబుతుంది" అనేవారు పెదనాన్న. ఎర్ర మందు స్ట్రాన్షియం నైట్రేట్, పచ్చ మందు బేరియం నైట్రేట్. ఆయనకి ఆ పేర్లు తెలియవు. ఏ పొట్లం ఏ రంగు ఇస్తుందో, ఎంత తడి తగిలితే పాడవుతుందో మాత్రం వేళ్ళతో నలిపి చెప్పేవారు.

"నీలం మందు తేకూడదా?" అని ఏటా అడిగేదాన్ని. "నీలం నిలవదమ్మా" అనేవారు. ఆ మాట అక్షరాలా నిజం. మంచి నీలం రావాలంటే రాగి, క్లోరిన్ కలిసిన ఆవిరి మంటలో నిలవాలి. మంట మరీ వేడెక్కితే ఆ జంట విడిపోతుంది, రంగు వెలిసిపోతుంది. వేడి తగ్గిస్తే వెలుగే చాలదు. బాణసంచా చేసేవాళ్ళందరికీ ఈనాటికీ గట్టి పరీక్ష నీలమే.

ఒక ఏడు ఆరబెట్టిన మందు అంటుకుంది. పెదనాన్న కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. అరటాకు మీద పడుకోబెట్టిన రోజులు గుర్తున్నాయి. ఆ తరవాత మా ఇంట్లో మతాబులు కట్టలేదు. ఇప్పుడు ఇళ్ళల్లో ఎవరూ కట్టకూడదు, అది మంచిదే. బేరియం పొగ ఊపిరికి చేటని 2018లో సుప్రీంకోర్టు టపాకాయల్లో దాన్ని వద్దంది. అదీ మంచిదే. అయినా ఆ లేత పచ్చ వెలుగులో పెదనాన్న మొహం, డాబా పిట్టగోడ, తులసికోట, అన్నీ ఒకే రంగులో కనపడిన ఆ అర నిమిషం మాత్రం నాలో అలాగే ఉంది.

*

ఇంటర్మీడియట్‌లో ల్యాబులోకి మొదటిసారి అడుగుపెట్టగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. కిప్స్ ఉపకరణం లోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆడపిల్లలం పమిట కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. బాబాయి గారు నవ్వి, "వారంలో అలవాటైపోద్ది" అన్నారు. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, ఆ తువ్వాలు నిండా యాసిడ్ చిల్లులు. పదో తరగతి దాటని మనిషి. లెక్చరర్లు మారేవాళ్ళు, ప్రిన్సిపాల్స్ మారేవాళ్ళు, ఆయన అక్కడే.

సాల్ట్ ఎనాలిసిస్, అంటే ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టడం, మొదలైన రోజు బీరువా తాళం తీసి ఒక పరీక్షనాళిక తెచ్చారు. బిరడాకి గుచ్చిన గాజుకడ్డీ, దాని చివర వెంట్రుకంత తీగ, యాసిడ్‌లో మునిగి ఉంది. ప్లాటినం. కాలేజీ మొత్తానికి రెండే ఉండేవి. బంగారం కంటే జాగ్రత్తగా లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకునేవారు. మిగతావాళ్ళకి నిక్రోమ్ తీగలు.

వాచ్‌గ్లాసులో చిటికెడు లవణం వేసి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు పోసి ముద్దలా కలపాలి. క్లోరైడ్‌గా మారితే తొందరగా ఆవిరవుతుంది, మంటలో రంగు తేలిగ్గా కనపడుతుంది. అందుకని ఆ యాసిడ్. బర్నరు గాలిరంధ్రం పూర్తిగా తెరిస్తే పసుపు మంట కాస్తా నీలంగా మారి బుస్సుమనేది. ఆ మంట అంచున తీగని పెట్టాలి.

నేను ఉత్సాహంగా తీగని ముద్దలో ముంచి మంటలో పెట్టాను. పసుపు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పసుపే. రికార్డులో "సోడియం" అని రాసెయ్యబోతుంటే వెనక నుంచి బాబాయి గారి గొంతు.

"తీగ ముట్టుకున్నావా అమ్మాయ్?"

ముట్టుకున్నాను. వంకర తిరిగితే వేళ్ళతో సరిచేశాను.

"చేతి చెమటలో ఉప్పుంటది. నీకు కనపడింది నీ ఉప్పే. ముందు తీగ రంగు పోయేదాకా కాల్చమ్మా."

యాసిడ్‌లో ముంచడం, కాల్చడం. ముంచడం, కాల్చడం. ప్రతిసారీ పసుపు కాస్త తగ్గేది. ఆరో ఏడో సారికి తీగ మంటలో ఎర్రగా కాలుతోందే తప్ప మంట మారలేదు. అప్పుడు ముద్దలో ముంచాను. లేత ఆకుపచ్చ వెలుగు తీగ చుట్టూ నెమ్మదిగా పైకి లేచింది. పెదనాన్న మతాబు రంగు. నోట మాట రాలేదు.

పుస్తకంలో బేరియంకి "పచ్చి ఆపిల్ రంగు" అని ఉండేది. మా బందరులో ఆపిళ్ళంటే బండి మీద ఎర్రవే, పచ్చ ఆపిల్ మేమెవరం చూడలేదు. బాబాయి గారు దానికి "లేత అరిటాకు" అన్నారు. అప్పుడే విచ్చుకున్న సుడి ఆకు రంగు. అంతకంటే సరైన పోలిక నేను ఇప్పటిదాకా వినలేదు. కాల్షియంది ఇటుక ఎరుపు, చటుక్కున మెరిసి పోతుంది. స్ట్రాన్షియం తడి కుంకుమ, కాసేపు నిలుస్తుంది. ఈ రెంటికీ తేడా చెప్పలేక ఎంతమంది మార్కులు పోగొట్టుకున్నారో. పొటాషియంని మాత్రం వంగపువ్వు అనేవారు. అది మహా సిగ్గరి. రవ్వంత సోడియం తోడుంటే చాలు, కనపడదు. నీలం కోబాల్ట్ గాజుపలక అడ్డం పెట్టుకుని చూడమనేవారు. ఆ గాజు పసుపుని మింగేసి వంగపువ్వు రంగుని వదులుతుంది. పలక కంటికి ఆనించుకుని మొదటిసారి ఆ లేత ఊదా చూసినప్పుడు, ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా అనిపించింది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు నా మంట మళ్ళీ పసుపెక్కింది. టెన్షన్‌తో అరచేతులు చెమటలు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అటూ ఇటూ తిరుగుతున్నారు. బాబాయి గారు డిస్టిల్డ్ వాటర్ పోస్తూ నా బల్ల దగ్గరికి వచ్చారు. మాట్లాడలేదు, నా లవణం కేసి చూడను కూడా లేదు. అందరికీ పెట్టినట్టే తాజా యాసిడ్ ఉన్న వాచ్‌గ్లాసు ఒకటి నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. తువ్వాలుకి చేతులు తుడుచుకుని, తీగ ముట్టుకోకుండా మొదటి నుంచీ కాల్చాను. చివరికి తడి కుంకుమ వచ్చింది. సాల్ట్ ఎనాలిసిస్ లెక్కలో అయిదో గ్రూపు, స్ట్రాన్షియం. పరీక్షల్లో నాకు వచ్చిన మార్కులు చాలావరకు మరిచిపోయాను కానీ, ఆ వాచ్‌గ్లాసు బల్ల మీద ఆనినప్పటి చిన్న చప్పుడు మరిచిపోలేదు.

*

రంగులెందుకు వస్తాయో మా మాష్టారు బోర్డు మీద మేడమెట్లు గీసి చెప్పారు. వేడికి ఎలక్ట్రాను పై మెట్టు ఎక్కుతుంది, అక్కడ నిలవలేక కిందికి దిగుతుంది. దిగేటప్పుడు వదిలేదే ఆ వెలుగు. ఒక్కో లోహానికి మెట్ల ఎత్తు ఒక్కో రకం, అందుకే ఒక్కో రంగు. ఆ వెలుగుని పట్టకంతో విడగొట్టి చూస్తే రంగు గీతలుగా కనపడుతుంది. సోడియంది 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పక్కపక్కనే రెండు గీతలు. జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో బున్‌సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రవేత్తలు మంట వెలుగుని పట్టకం గుండా పంపి ఆ గీతల్ని చదవడం మొదలుపెట్టారు. 1860లో ఒక ఊట నీళ్ళలో ఎవరూ ఎరగని నీలం గీతలు కనపడితే సీజియం దొరికింది. మరుసటి ఏడు ఎర్ర గీతలతో రుబీడియం.

తరవాత ఆయన సుద్దముక్క కింద పెట్టి, "ఈ కథలో మన ఊరుంది" అన్నారు. క్లాసు నిశ్శబ్దమైపోయింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ బందరు మీదుగా, గుంటూరు మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, బందరులో మద్రాసు నక్షత్రశాల నుంచి వచ్చిన పాగ్సన్ పరికరాలు పెట్టుకుని కాచుకున్నారు. చీకటి పడగానే సూర్యుడి అంచున లేచిన జ్వాలల్లో మెరిసే గీతలు కనపడ్డాయి. అందులో పసుపు గీత ఒకటి. పసుపు కదా, సోడియమే అనుకోవడం తేలిక. కానీ అది సోడియం గీతలున్న చోట లేదు, కొంచెం పక్కకి ఉంది. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే ఆ గీతని చూసి, ఇది భూమ్మీద ఎరగని మూలకం అన్నారు. గ్రీకులో సూర్యుడి పేరే పెట్టి హీలియం అన్నారు. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద ఒక ఖనిజంలో పట్టుకునే దాకా చాలామంది నమ్మలేదు.

మాష్టారు చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. 1864 ఉప్పెనకి ముప్పైవేల మంది పోయారని మా ముత్తాతల కాలం నుంచి చెప్పుకుంటూ వస్తున్న ఊరు. అది జరిగి నాలుగేళ్ళయినా కాలేదు. అలాంటి ఊళ్ళో నిలబడి ఒకాయన సూర్యుడి మంటకి తీగ పరీక్ష చేశాడు. నా తీగ మీద పసుపు నా చెమటదేనని బాబాయి గారు చెబితే గానీ నాకు తెలియలేదు. వాళ్ళు ఈ పసుపు ఆ పసుపు కాదని గుర్తుపట్టారు. ఆ సాయంత్రం కోనేరు సెంటరులో నడుస్తూ ఆకాశం కేసి చూస్తూనే ఉన్నాను.

*

ఉద్యోగం భూసార పరీక్షా కేంద్రంలో వచ్చింది. అక్కడా మంటే దొరికింది నాకు. ఫ్లేమ్ ఫోటోమీటర్. గ్యాసు మంటలోకి మట్టి నుంచి తీసిన ద్రావణాన్ని సన్నటి గొట్టం పీల్చి తుంపరగా చల్లుతుంది. ఫిల్టరు ఒక్క రంగునే పోనిస్తుంది. ముల్లు ఎంత కదిలితే అంత పొటాష్, లేదా అంత సోడియం. కంప్రెసర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుయ్యిమంటూ ఉండేది. ఇంటికెళ్ళాక కూడా చెవుల్లో అదే మోత.

ఒక్కో శాంపిల్‌కీ మధ్యలో డిస్టిల్డ్ వాటర్ పీల్పించి ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగేదాన్ని. కొత్తగా చేరిన కుర్రాళ్ళు తొందరపడితే బాబాయి గారి మాటే చెప్పేదాన్ని. మిషను నడుస్తుంటే గది ఊడవనిచ్చేదాన్ని కాదు. దుమ్ము లేస్తే చాలు, మంటలో పసుపు చుక్కలు మిణుకుమనేవి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో దుమ్ములోనూ ఉప్పే.

ఒకసారి దివిసీమ నుంచి ఒక పెద్దాయన గుడ్డసంచిలో మట్టి తెచ్చారు. "ఉప్పెన నీళ్ళు నిలిచిన చేనమ్మా. నారు పోస్తే మాడిపోతోంది." 1977 ఉప్పెన గురించి ఆయన ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. ద్రావణం ఎక్కించగానే మంట నిండా పసుపు, ముల్లు చివరికి కొట్టుకుంది. పదింతలు పల్చన చేసి మళ్ళీ ఎక్కించాను. ఆయన పక్కనే నిలబడి ఆ మంటనే చూస్తున్నారు. "అదేనా అమ్మా ఉప్పు?" అన్నారు. అదేనన్నాను. మురుగు కాలవ బాగుచేసి, మంచినీళ్ళు నిండుగా పెట్టి రెండు మూడుసార్లు కడగమని కాయితం రాసిచ్చాను. మరుసటి ఏడు మళ్ళీ అదే చేను మట్టి తెచ్చారు. ఈసారి మంటలో పసుపు బాగా తగ్గింది. ఆయన కూడా దాన్ని చూసి తల ఊపారు.

*

పెద్దకర్మ భోజనాలు అయ్యేసరికి మూడు దాటింది. బాబాయి గారి ఇల్లు చిలకలపూడిలోనే. వాళ్ళబ్బాయి రోల్డ్‌గోల్డ్ పనే చేస్తాడు. ఇప్పుడు ఊదుగొట్టాల బదులు గ్యాసు టార్చిలు వచ్చాయి. చుట్టాలు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పొయ్యి మీద మంట పసుపైతే చాలు, 'ఎవరే ఉప్పు ఒలికించింది' అనేవాడు మీ బాబాయి, హాల్లోంచే" అన్నారు.

మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం. మంట పరీక్ష ఎలా చేస్తున్నారమ్మా అని అడిగాను. ఒకసారి అగ్గిపుల్లతో చూపించారంది, మిగతాది పట్టిక బట్టీ పట్టారట. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాళ్ళ నాన్న పనిబల్ల మీద రాగి తీగ ముక్క ఉంది, నవాసారం డబ్బా ఉంది. వీధివైపు కిటికీ తెరిచి, ఆ పిల్ల చేతికి పట్టకారు ఇచ్చాను. తీగని వేళ్ళతో తీసి పట్టకారుకి తగిలించి మంటలో పెట్టగానే పసుపు.

"సోడియం అండీ" అంది.

"అది నీ చెయ్యి. రంగు పోయేదాకా కాల్చమ్మా."

కాల్చింది. పసుపు తగ్గింది, పోయింది. తీగ నల్లబడి, కొస ఎర్రగా కాలింది. అప్పుడు కొసని నవాసారంలో అద్ది మళ్ళీ పెట్టమన్నాను. సన్నటి తెల్లపొగ, ముక్కు మండే ఆ పాత వాసన, ఆ వెనకే మంట అంచంతా నెమలికంఠం. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది.

పిన్నిగారు గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఎంతసేపైందో వచ్చి.

"ఇంకోసారి చెయ్యవే" అన్నారు.